పతన నివారణా శిబిరం

రైల్వేలో గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా రైలు చిట్టచివరి పెట్టెలో ఒంటరిగా గడిచింది. అందుకేనేమో, ఇప్పుడు ఎక్కడైనా నలుగురు కూర్చుని కనిపిస్తే వాళ్ళ ముందు నిలబడి మాట్లాడాలనిపిస్తుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా తెలుగు సంఘానికి నేను కార్యదర్శినైంది కూడా అలాగే. పోటీకి ఇంకెవరూ రాలేదన్న సంగతి మా ఆవిడ శాంతాదేవి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

కిందటేడు వేసవి మొదట్లో భవిత అనే ఫిజియోథెరపిస్టు అమ్మాయి సంఘానికి వచ్చింది. వాళ్ళ తాతగారు ఇక్కడి రైలింజన్ల షెడ్‌లో ఫిట్టరు. పెద్దవాళ్ళు పడిపోకుండా కాళ్ళకు బలం, నిలకడ ఇచ్చే వ్యాయామాలున్నాయని, చాలా దేశాల్లో పరీక్షించి ఫలితం ఉందని తేల్చారని, అయినా అవి ఆసుపత్రి గోడలు దాటి జనంలోకి రావడం లేదని చెప్పింది. వారానికి మూడు పూటలు చాలు, ఎవరి కుర్చీ వాళ్ళకుంటే చాలు. కాలనీవాళ్ళను పోగుచేసే బాధ్యత ఎవరైనా తీసుకోవాలంది. ఆమె మాట పూర్తయ్యేలోగా నేను తీసేసుకున్నాను.

ప్రకటన నేనే రాశాను. 'వయోవృద్ధుల పతన నివారణా శిబిరం' అని పెద్ద అక్షరాలతో రాయించి సంఘం గేటుకు కట్టించాను. పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి అదేమిటో వాళ్ళకు తెలియలేదు. చదవగలిగిన పెద్దవాళ్ళు, పతనం ఎవరిదా అని ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. మొదటి రోజు వచ్చింది రమణబాబు ఒక్కడే. అది తాగుడు మాన్పించే శిబిరమనుకుని వాళ్ళ కోడలు బలవంతంగా పంపించిందట. భవిత ఆ బోర్డు విప్పించి, 'కాళ్ళ కసరత్తు, టీ ఉచితం' అని హిందీలో రాసి పెట్టింది. తర్వాతి క్లాసు నుంచి ఓ పదిమంది దాకా రావడం మొదలుపెట్టారు.

వాళ్ళందరినీ భవిత ముందుగా ఒకే ప్రశ్న అడిగింది. ఈ ఏడాదిలో ఎవరైనా పడ్డారా అని. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఇంత గట్టి మనుషులు మా కాలనీలో ఉన్నందుకు కార్యదర్శిగా నేను గర్వపడ్డాను.

క్లాసులో నా పని మైకు పట్టుకుని అంకెలు చెప్పడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మునివేళ్ళ మీద నిలబడడం, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి గీత మీద నడవడం, ఇవన్నీ వాళ్ళు చేస్తుంటే నేను ఉత్సాహపరిచేవాణ్ణి. మధ్యమధ్యలో వెన్నెముక గొప్పతనం గురించి ఉపన్యసించేవాణ్ణి. ఒకరోజు భవిత నన్ను పక్కకు పిలిచి, "అంకుల్, ఆప్ భీ కీజియే నా. లీడర్ చెయ్యకపోతే ఎలా?" అంది. బండి నడిపేది డ్రైవరు, జెండా ఊపేది గార్డు అని జవాబిచ్చాను. ఆ జవాబు నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చి శాంతాదేవికి కూడా చెప్పాను. ఆవిడకు నచ్చలేదు.

మే నెలలో ఒక ఉదయం క్లాసుకు ఆలస్యమైంది. ఆ పూట నేను మాట్లాడవలసిన విషయం ఇంట్లో జాగ్రత్తలు. పాంటు కూర్చుని తొడుక్కోవాలన్నది అందులో మొదటి జాగ్రత్త. ఆ వాక్యాన్ని మనసులో సానబెట్టుకుంటూ, నిలబడి, ఒంటికాలి మీద పాంటు తొడుక్కోబోయాను. పాదం మడతలో ఇరుక్కుంది. మంచానికీ బీరువాకీ మధ్య పడ్డాను. కుడి మణికట్టు ఒంటి కింద నలిగింది. శాంతాదేవి బుధవారీ బజారుకు వెళ్ళి ఉంది. కాసేపు అక్కడే పడుకుని ఫ్యాను వంక చూస్తూ, దెబ్బ ఎంత తగిలిందన్నది కాదు, ఎవరైనా చూశారా అని ఆలోచించాను.

ఎవరికీ చెప్పలేదు. బిలాస్‌పూర్ మే నెలలో, రోడ్డు మీది తారు కరిగే ఎండలో, పొడుగు చేతుల చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుని తిరిగాను. శాంతాదేవి అడిగితే ఎండకు చర్మం పాడవుతుందన్నాను. నా చర్మం గురించి నేను మాట్లాడడం ఆవిడ అదే మొదటిసారి వినడం. భోజనం చెంచాతో, అదీ ఎడంచేత్తో తిన్నాను. మర్నాటి నుంచి ఆ చెంచా ఆవిడే కంచం పక్కన పెట్టింది.

ఆ వారంలోనే క్లాసులో అది బయటపడింది. కుర్చీలు సర్దుతుంటే నాకు ఒక్క కుర్చీ కూడా లేవలేదు. మా అందరిలోకీ పెద్దావిడ అప్పయమ్మ, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, అది చూసి గట్టిగానే అడిగింది.

"ఏటి బాబూ, చెయ్యలా దాచుకుంటన్నావు? పడిపోనావేటి?"

హాలంతా నా వైపు తిరిగింది. స్టేషన్‌లో సామాను తగిలిందని మొదలుపెట్టాను. ఏ స్టేషన్‌లో, ఎప్పుడు అని ఆవిడ అడిగింది. అబద్ధాన్ని ముందుకు నడిపే ఓపిక లేకపోయింది. మణికట్టు సలుపుతోంది, చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"పడ్డానమ్మా," అన్నాను. "పాంటు తొడుక్కుంటూ, ఒంటికాలి మీద నిలబడి."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అప్పయమ్మ తన కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"నానూ పడిపోనాను బాబూ, పెరటి మెట్టు దిగుతూ. మా కోడలికి చెప్పలేదు. చెప్తే మరి గడప దాటనివ్వదు."

తర్వాత రమణబాబు గొంతు సవరించుకున్నాడు. తోర్వా మలుపులో స్కూటరు ఆపి కాలు దించబోయి రెండుసార్లు పడ్డాడట. బండిని ఎవరో గీకేశారని కొడుక్కి చెప్పాడట. నిజం చెబితే తాళం తీసేసుకుంటాడని భయం. వెనక వరసలో ఒకరు స్నానాల గది గురించి చెప్పారు, ఇంకొకరు గోల్ బజార్‌లో కూరగాయల తొక్క మీద జారిన సంగతి చెప్పారు. చివరికి చూస్తే మా హాల్లో పడనివాళ్ళు ఇద్దరే, అందులో భవిత ఒకరు. అప్పుడు మొదలైంది నవ్వు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. భవిత మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగింది. చెబితే ముసలివాళ్ళమైపోతాం కదా అని అప్పయమ్మ అంది.

నన్ను అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎముక చిట్లింది, కట్టు వేశారు. ఇంటికి వెళ్ళాక శాంతాదేవి, "చెంచా ఎందుకో మీరే చెప్పేదాకా చూద్దామనుకున్నాను," అని ఊరుకుంది. అంతకుమించి తిట్టలేదు. తిట్టి ఉంటే సుఖంగా ఉండేది.

ఆ తర్వాత క్లాసు తీరు మారిపోయింది. ఎలా పడ్డారో ముందు చెప్పుకోవడం, ఆపైన కసరత్తు. కథలు వినడానికి వచ్చినవాళ్ళు కుర్చీలు పట్టుకుని కసరత్తుకు కూడా నిలబడిపోయేవారు. అంకెలు చెప్పే పని అప్పయమ్మకు వెళ్ళింది. నేను వెనక వరసలో రమణబాబు పక్కన గీత మీద నడుస్తూ, తూలుతూ, గోడ పట్టుకుంటూ వచ్చాను.

వానలు మొదలయ్యేసరికి ఊరి చివరనున్న లింగియాడీహ్ బస్తీ నుంచి కబురొచ్చింది. అక్కడి వాళ్ళ కోసం కూడా క్లాసు పెట్టమన్నారు. భవిత నన్ను తోడు రమ్మంది. నా ఉపన్యాసానికి మళ్ళీ గిరాకీ వచ్చిందని సంబరపడి రాత్రంతా హిందీలో తయారుచేసుకున్నాను. తీరా వెళ్తే, అక్కడి ఆడవాళ్ళు నా చేతి కట్టు చూసి, ఎలా పడ్డానో చెప్పమన్నారు. పాంటు సంగతి చెప్పాను. "అచ్ఛా," అంటూ శ్రద్ధగా విన్నారు. ఉపన్యాసం ఎవరూ అడగలేదు.

ముందు వరసలో ఒక ముసలామె, కొడుకు భుజం పట్టుకుని వచ్చిన మనిషి, ఆ పూట చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు ప్రయత్నించింది. సగం దాకా లేచి కూలబడేది. నేను పక్కన నా కుర్చీలో అదే పాట్లు పడుతున్నాను. ఉన్నట్టుండి ఆమె లేచి నిలబడింది. ఖాళీ చేతులు రెండూ పైకెత్తి, గుమ్మంలో నిలబడ్డ కొడుక్కి చూపించింది. అతను ఫోనులో మాట్లాడుతూ చూడలేదు. ఆమె మళ్ళీ కూర్చుని, అతను ఇటు తిరిగేదాకా ఆగి, మళ్ళీ లేచింది.