పుట్టుపూర్వోత్తరాల పరీక్ష

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం వేసే ఆ నిఘంటువులో ప్రతి మాటకూ మూడు వరసలుంటాయి. మొదటిది అర్థం, రెండోది పలికే తీరు, మూడోది పుట్టుక. అర్థాలు రాసేవాళ్ళు ఆఫీసులో ఒక గదినిండా ఉన్నారు. పలుకు చూడడానికి చెవులు పదునైన అక్కాచెల్లెళ్ళున్నారు. పుట్టుక మాత్రం మొదటినుంచీ ఒక్క మనిషిదే. ఏ మాట ఏ దేశంలో బయల్దేరి, దారిలో ఎవరెవరి నోళ్ళలో నాని, ఏ వేషంతో ఇంగ్లీషులోకి వచ్చిపడిందో క్లుప్తంగా చెప్పడం ఆయన పని. ఆఫీసులో అందరూ ఆయన్ని పుట్టుకలాయన అంటారు. జనన మరణాలు రాసుకునే గుమాస్తాని పిలిచినట్టుందని ఆయనే ముందు నవ్వుతాడు.

ఆయన భార్య టీచరు. మోటారు గ్యారేజీ పైనున్న హాల్లో, పొద్దున్నే, పనుల్లోకి వెళ్ళేముందు వచ్చే పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతుంది. ఆసుపత్రి ఆయా, లిఫ్టులు బాగుచేసేవాళ్ళు, ఒక దర్జీ, వీళ్ళందర్నీ తన బండిలో ఎక్కించుకొచ్చే వ్యాను డ్రైవరు, ఇలా ఉంటుంది ఆ తరగతి. నిఘంటువు ఆఫీసుకు ఒక ఆనవాయితీ ఉంది. కొత్త ముద్రణలో ఏది చేర్చాలన్నా, ఏది తీసెయ్యాలన్నా, ముందు ఆ పేజీలు టీచరు తరగతిలో పెట్టి చూస్తారు. ఆమె ఉండాలంటే ఉంటుంది, వద్దంటే పోతుంది. ఈ ఆనవాయితీ వాళ్ళ పెళ్ళికన్నా పాతది. అసలు వాళ్ళ పరిచయమే దాని పుణ్యం. తన పేజీ మీద 'మావాళ్ళకు కొరుకుడు పడలేదు' అని రాసి పంపిన మనిషెవరో తేల్చుకుందామని ఆయన చిందులు తొక్కుతూ గ్యారేజీ మెట్లెక్కాడు. దిగేటప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు.

పెళ్ళయ్యాక కూడా మొగుడి పేజీలని ఆమె మొహమాటం లేకుండా తిప్పికొట్టింది. అందుకే ఆఫీసులో ఆమె మాటకు అంత విలువ. బతుకులో మనిషికి ఏదో ఒక గర్వం ఉండాలి కదా, టీచరుకు ఇది ఉంది.

ఈసారి చిక్కు కొత్త ప్రధాన సంపాదకురాలి దగ్గర మొదలైంది. పుస్తకం బాగా లావెక్కింది, సన్నబడాలి అన్నదామె. టీచరును పిలిపించి, మూడో వరస మీద వేలు పెట్టింది.

"అర్థం కావాలి, పలకడం రావాలి. ఎక్కడ పుట్టిందో తెలిస్తే నేర్చుకునేవాళ్ళకి ఒరిగేదేంటి?" అంది. అయినా ఆవిడ మొండిమనిషి కాదు. "ఒరుగుతుందని తేలితే ఉంచుతాను. పరీక్ష పెడదాం. మీ ఆయన పని కాబట్టి వేరే తరగతిలో పెట్టమంటారా?"

"అక్కర్లేదండి. నా కూర బాగోలేకపోతే ఆయన చెబుతారు, ఆయన పేజీ బాగోలేకపోతే నేను చెబుతాను. మా ఇంట్లో అలవాటే" అంది టీచరు.

పరీక్ష పద్ధతి తేలికే. తరగతిలో సగం మందికి మూడు వరసలూ ఉన్న పేజీలిస్తారు, మిగతా సగానికి పుట్టుక తీసేసిన పేజీలు. చివర్లో అందర్నీ ఒక్కటే అడుగుతారు: మాటకు అర్థం చెప్పండి, పలకండి, మీ సొంత వాక్యంలో వాడండి. పుట్టుక చదివినవాళ్ళు మెరుగ్గా చెబితే ఆ వరస బతుకుతుంది. తేడా లేకపోతే పోతుంది. దానితోపాటు ఆయన కూడా ఆ బల్ల వదిలి, మాటలు అక్షరక్రమంలో ఉన్నాయో లేదో చూసే బల్లకు మారాలి.

ఇంట్లో ఆయన "మంచి పద్ధతే" అని ఊరుకున్నాడు. అత్తగారు ఊరుకోలేదు.

"వాడికి ఆ మాటల పురాణం తప్ప ఇంకోటి చేతకాదమ్మాయ్. అది కాస్తా ఊడబెరికి వాణ్ణి ఇంట్లో నా నెత్తిన కూర్చోబెట్టకు" అంది.

"నాదేముందత్తయ్యా, మా తరగతివాళ్ళెంత చెబితే అంత" అంది కోడలు. ఆ మాట అన్నంత తేలిగ్గా ఆమెకు నిద్ర పట్టలేదు. ఆయన వరస ఉండాలనే ఆమె కోరిక. కోరిక వేరు, లెక్క వేరు అని తనకు తనే చిలక్కు చెప్పినట్టు చెప్పుకుంది.

తరగతి నడిచింది. మూడు వరసల పేజీలవాళ్ళకు ప్రతిరోజూ సంబరమే. కండకు వాడే మసిల్ అన్న మాట లాటిన్లో చిట్టెలుక నుంచి వచ్చిందని చదివి, ఆయా జబ్బ బిగించి, చర్మం కింద ఎలుక పరిగెత్తిందో లేదో చూడమని దర్జీని పట్టుకుంది. విండో అంటే ఒకప్పుడు గాలి కన్ను. కంపానియన్ అంటే కలిసి రొట్టె తినేవాడు. నైస్ అన్నది ముందు తెలివితక్కువవాళ్ళని అనే మాటట. ఇన్నాళ్ళూ యజమానురాలు తనని నైస్ అంటుంటే పొంగిపోయానే అని దర్జీ ఆ వారమంతా గొణిగాడు. పేజీ పొడుగు, దాని మీద చర్చ ఇంకా పొడుగు. పొట్టి పేజీలవాళ్ళు మాత్రం చకచకా ముగించి ముందే మెట్లు దిగిపోయేవారు. అయితే అందరూ వెళ్ళాల్సింది ఒకే వ్యానులో. పైవాళ్ళు వచ్చేదాకా కింద కాచుక్కూర్చోక తప్పదు.

ఆ మెట్ల కిందే ఫ్లాస్కూ పేపరూ పెట్టుకుని పుట్టుకలాయన కూడా కూర్చునేవాడు. భార్యతో ఇంటిదాకా నడిచి, అక్కణ్ణించి ఆఫీసుకు వెళ్ళడం ఆయన అలవాటు. అందులో టీచరుకు వింత ఏమీ కనిపించలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ఆయా బాగా చెప్పింది. దర్జీ బాగా చెప్పాడు. డ్రైవరూ బాగా చెప్పాడు, లిఫ్టులవాళ్ళూ బాగానే చెప్పారు. టీచరు రెండు సగాల జవాబులనూ పక్కపక్కన పెట్టి, ఎటునుంచి చూసినా ఒకేలా ఉన్నాయని గ్రహించింది. ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపు కళ్ళు తుడుచుకుని, తర్వాత 'తేడా లేదు' అని రాసి పంపేసింది.

ఆ సంగతి చెబితే ఆయన "అలాగా" అని, పప్పు గిన్నె ఇటు జరపమన్నాడు. అత్తగారు మాత్రం మాటలు మానేసింది. కావలసినవి గోడకు చెప్పడం మొదలుపెట్టింది. ఆయన అన్నం తిన్నాడు, నవ్వాల్సిన చోట నవ్వాడు కూడా. కానీ ఏదైనా మాట వినబడగానే తల పక్కకు వాల్చి దాని ఊరేదో చెప్పే మనిషి, ఇప్పుడు విని ఊరుకుంటున్నాడు. టీచరుకు అన్నం సయించలేదు.

తరగతి ఆఖరిరోజున వాన వచ్చింది. అందరూ లేస్తుంటే డ్రైవరు కిటికీ దగ్గర ఆగాడు.

"టీచరుగారూ, ఈ గాలి కన్ను మూసెయ్యమంటారా?" అన్నాడు.

అతను పొట్టి పేజీల సగంలోని మనిషి.

"ఆ మాట మీకెవరు చెప్పారు?"

"సారేనండి. కింద మెట్ల దగ్గర. మా పేజీల్లో లేనివి రోజూ ఆయనే చెప్పేవారు కదా. మీరే చెప్పమన్నారేమో అనుకున్నాం. ఎలుక సంగతి చెప్పిన రోజు నవ్వలేక చచ్చామండి."

టీచరు తనే వెళ్ళి కిటికీ మూసింది. రెండు సగాలు ఒకేలా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. రెండువైపులవాళ్ళకీ పుట్టుక తెలుసు. ఒకళ్ళకు కాగితం మీద, ఒకళ్ళకు నోటిమాటగా. ఆ మహానుభావుడు నోరు మూసుకుని టీ తాగి ఉంటే ఏం తేలేదో ఏమో. తన గొయ్యి తానే తవ్వుకున్నాడు, అదీ నలుగురిని కూర్చోబెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ.

ఇంటికి వెళ్ళే దారిలో ఒకే గొడుగు కింద అడిగేసింది.

"వాళ్ళకి చెప్పకూడదని మీకు తెలియదా?"

ఆయన దారిలోని నీటిగుంట తప్పించి చెప్పాడు.

"మొదటిరోజు ఊరికే అడిగారు, పైవాళ్ళ పేజీలు అంత పొడుగున్నాయేంటని. చెప్పాను. ఇంటికి చేరేలోపే తప్పని తట్టింది. మర్నాడు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. ఆ డ్రైవరు వచ్చి పక్కన చతికిలబడి, ఇవాళ్టి మాట ఎక్కడ పుట్టిందండీ అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆఫీసులో ఎన్ని లైన్లు అనే అడుగుతారు."

"పోనీ, నేను రాసి పంపేముందు చెప్పచ్చుగా?"

"చెబితే నువ్వు తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్తావు. మొగుడు పేజీలు రాస్తాడు, పెళ్ళాం పరీక్ష పెడుతుంది, మధ్యలో మొగుడే జవాబులు అందిస్తాడు, కంచే చేను మేసిందంటారు. నీ తరగతి మాట మళ్ళీ ఎవరూ నమ్మరు. నా వరస పోతే పోయింది. నీ మాట కూడా పోవడం దేనికి?"

టీచరుకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మనసున్న మనిషికి అంత బుద్ధి లేకపోవడమేమిటని తిట్టాలనిపించింది. తిట్టింది కూడా, ఇల్లు చేరేదాకా. ఆయన గొడుగు ఆమెవైపే ఎక్కువగా పట్టి, తను తడిసి ముద్దయ్యాడు.

మర్నాడు ఆమె సంపాదకురాలి గదిలోకి వెళ్ళి, కూర్చోమనకముందే కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. సంపాదకురాలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీకు ముందు తెలియదా?"

"తెలియదండి. కిందే కూర్చున్నారని తెలుసు, నోరు విప్పుతున్నారని తెలియదు. తెలుసుకోవాల్సింది."

"అయితే ఈ పరీక్ష చెల్లదు. పుట్టుక తీసెయ్యాలనీ లేదు, ఉంచాలనీ లేదు. మళ్ళీ పెట్టాలి. మీ తరగతిలో మాత్రం కుదరదండి. ఇకముందు మా పేజీలు ఏవీ మీ దగ్గరికి పంపలేను. మీకు తెలుసుగా."

తెలుసు. తెలిసే వచ్చింది. మొగుడి పేజీలని కూడా దాటనివ్వని టీచరన్న పేరు, తెచ్చుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో, పోవడానికి ఒక ఫ్లాస్కు టీ పట్టింది. సరేనంటూ తలూపి లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఈసారి ఎక్కడ పెడతారండి?"

"ఇంకా అనుకోలేదు. మనవాళ్ళెవరికీ తెలియని చోట చూడాలి."

"చూడండి. ఆ వీధి పేరు మాత్రం మా ఆయన చెవిన పడనివ్వకండి" అంది టీచరు. తలుపు తీసి, మళ్ళీ వెనక్కి తిరిగింది. "నాకూ చెప్పకండి. ఆయన అడిగితే చెప్పేస్తాను."