గుమ్మం పక్క దీపం

మా తమ్ముడికి రెండిళ్ళుండేవి. ఒకటి మా లాండ్రీ షాపు వెనక గది. రెండోది కంప్యూటర్ లోపల.

"ఊరు" అనేవాడు దాన్ని. ఎక్కడెక్కడి జనమో బొమ్మల రూపంలో అక్కడికి చేరి ఇళ్ళు కట్టుకుంటారు, కబుర్లాడుకుంటారు, తగువులూ పడతారు. ఆ ఊళ్ళో మావాణ్ణి మాస్టారు అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక పేజీ నడిపేవాడు మరి. ఉచితంగా బట్టలెక్కడ దొరుకుతాయి, కుర్చీలో ఎలా కూర్చోవాలి, నేలలోంచి కిందికి జారిపోతే ఎవర్ని పిలవాలి, అన్నీ అందులో ఉండేవి. "కూర్చోవడానిక్కూడా పాఠం కావాలిరా మీ జనానికి?" అని వెక్కిరించేదాన్ని. గొంతు ఆపరేషన్‌తో వాడికి మాట పోయింది. అందుకని టకటకా టైపు చేసి చూపించేవాడు: "నువ్వోసారి రా, నీ సంగతీ చూద్దాం."

వాడు పోయాకే వెళ్ళాను. నా సంగతి నిజంగానే తెలిసింది. మొదటిరోజు గోడకి ముఖం ఆనించి అలా నడుస్తూనే ఉన్నాను. ఆ తరవాత కుర్చీ అనుకుని, గొడుగేసుకు తిరిగే ఒక పెద్దాయన నెత్తిమీద కూర్చున్నాను.

సరదాకి వెళ్ళలేదు, అమ్మ కోసం వెళ్ళాను. ఆ ఊళ్ళో తమ్ముడి ఇంటి గుమ్మం పక్కన ఒక దీపం ఉండేది. మౌస్‌తో నొక్కితే తమ్ముడి గొంతు పలికేది. ఆపరేషన్‌కి ముందు రికార్డు చేసి పెట్టుకున్నది. "రండి, రండి. దారి తెలియకపోతే అడగండి, ఇక్కడెవరూ నవ్వరు." అంతే. ఫోన్ వీడియోల్లో వాడెప్పుడూ కెమెరా వెనకే, నోరు మెదిపేవాడు కాదు. వాడి గొంతంటూ మాకు మిగిలింది ఆ దీపంలోనే. రోజూ సాయంత్రం అమ్మ కళ్ళజోడు తుడుచుకుని నా పక్కన కూర్చునేది, ఏదో కనపడబోతున్నట్టు. నేను దీపం నొక్కేదాన్ని. విని లేచి వెళ్ళేది. ఆ పూటకి నాలుగు ముద్దలు తినేది.

ఇక నా చేతుల సంగతి. నలిగిన గుడ్డ కంటబడితే ఊరుకోవు. ఎవరింటికి వెళ్ళినా మాటల మధ్యలో వాళ్ళ దుప్పట్లు మడతపెట్టి వస్తాను. తమ్ముడి ఇల్లేమో చిందరవందర. సోఫా మీద సైకిలు, బల్ల కింద నిచ్చెన! ఎప్పుడో వేళాకోళానికి నా పేరున ఒక ఖాతా తెరిచి, అక్కడి సామాను కదిపే హక్కు నాకూ ఇచ్చి పెట్టాడు మహానుభావుడు. ఒక ఆదివారం షాపు మూసి సర్దడానికి కూర్చున్నాను. దేన్ని నొక్కినా "తీసి భద్రపరచు" అని వస్తోంది. భద్రపరచడం మంచిదే కదా! వరసపెట్టి నొక్కుకుంటూ పోయాను. దీపం కూడా కాస్త వంకరగా ఉంది. దాన్నీ నొక్కాను.

దీపం మాయమైంది. తెరమీద ఒక ముక్క వచ్చింది: "వస్తువు యజమాని సంచికి చేరింది."

యజమాని ఎవరు? మావాడు. ఆ సంచి తెరవాలంటే వాడి పాస్‌వర్డ్ కావాలి. అది వాడితోనే పోయింది. దిక్కుమాలిన చేతులు, ఒక్కరోజు ఊరుకుంటే ఏం పోయింది! ఆ ఊరు నడిపే కంపెనీకి రాశాను. ఖాతాదారు స్వయంగా సంప్రదించాలని జవాబొచ్చింది. స్వయంగా రావాలట! వాడే వస్తే నాకీ దీపాలెందుకు?

సాయంత్రం అమ్మ కళ్ళజోడుతో వచ్చింది.

"నెట్ లేదమ్మా ఇవాళ," అన్నాను.

"పోన్లే, రేపు వింటాలే," అంది. మర్నాడూ అదే అబద్ధం చెప్పాను. ఆ మర్నాడు నన్ను అడగలేదు. పళ్ళెం ముందు కూర్చుని, కాసేపు కెలికి, చెయ్యి కడిగేసుకుంది.

అప్పుడు తెరిచాను వాడి పేజీని, మొదటిసారి బుద్ధిగా చదవడానికి. కుర్చీలో కూర్చునే పాఠం దాటాక ఇలా ఉంది: "వస్తువు పోయిందా? కంపెనీకి రాసి బుర్ర పాడుచేసుకోకండి. కూడలికెళ్ళి అడగండి. సిగ్గుపడకండి. ఊళ్ళో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది." అచ్చం వాడే ఎదురుగా నిలబడి చెప్పినట్టుంది. ఇస్త్రీ బల్ల మీద తల పెట్టుకుని బావురుమన్నాను.

కూడలికి వెళ్ళి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను: "నేను మాస్టారి అక్కని. మా తమ్ముడి గుమ్మం దీపం పొరపాటున తీసేశాను. మా అమ్మకి వాడి గొంతు వినిపించాలి."

ఎక్కడి బొమ్మలక్కడ ఆగిపోయాయి. గొడుగు పెద్దాయన దగ్గరికొచ్చి మైకులో మాట్లాడాడు. నెత్తిన కూర్చున్న కోపం ఏమీ లేదు ఆ గొంతులో.

"అమ్మా, కంగారుపడకండి. కొత్తగా ఎవరొచ్చినా మాస్టారు అలాంటి దీపమొకటి చేతిలో పెట్టేవాడు. నా సంచిలోనూ ఉంది. కాకపోతే ఇది మొదట్లో చేసింది. చివర్లో ఏవో చప్పుళ్ళున్నాయని తన గుమ్మం దాంట్లో ఆ ముక్క తీసేశాడు. పరవాలేదా?"

"చప్పుళ్ళుంటే ఉండనీండి బాబాయ్!" అన్నాను.

అమ్మని పిలుచుకొచ్చేసరికి తమ్ముడి వాకిలంతా జనం. ఒక్కొక్కరే తమ సంచిలోంచి దీపం తీసి గుమ్మం ముందు పెట్టి పక్కకి తప్పుకుంటున్నారు. అమ్మ మౌస్ మీద చెయ్యి వేసింది. ఆ చేతిమీద నా చెయ్యి వేసి పెద్దాయన దీపం నొక్కాను.

"రండి, రండి. దారి తెలియకపోతే అడగండి, ఇక్కడెవరూ నవ్వరు."

అయిపోయిందనుకున్నాను. ఇంతలో గిన్నె చప్పుడు. దూరం నుంచి ఒక గయ్యాళి గొంతు: "ఒరేయ్! అన్నం చల్లారిపోతోంది. ఇంకా ఎంతసేపురా?"

వెంటనే వాడు, నవ్వు ఆపుకుంటూ: "వస్తున్నా అక్కా, ఒక్క నిమిషం!"

పెద్దాయన అన్నాడు: "ఓహో, ఆ చల్లారిపోతోంది అక్కయ్య మీరేనా! మీరు తెలియనివాళ్ళు లేరమ్మా ఈ ఊళ్ళో. ఆయన కబుర్లలో పడితే మేమే తరిమేవాళ్ళం, వెళ్ళవయ్యా చల్లారిపోతోందీ అని."

అమ్మ మళ్ళీ నొక్కింది. వస్తున్నా అక్కా, అన్నాడు వాడు. ఈసారి అమ్మ నావైపు తిరిగింది.

"వచ్చాడా మరి ఆ రోజు?"

"వచ్చాడమ్మా. చల్లారాకే వచ్చాడు."

అమ్మ కళ్ళజోడు తీసి, కళ్ళొత్తుకుని, వంటగదిలోకి వెళ్ళి పళ్ళెం తనే తెచ్చుకుంది.

"వేడిగా ఉండగానే పెట్టు," అంది.