చెంచాడు పెరుగు

నా మొగుడు ఇంకో ఆడదాని వెంట పడి ఉంటే జుట్టు పట్టుకుని లాగేదాన్ని. నా ఖర్మకొద్దీ నా ఆదివారాలను ఎత్తుకుపోయింది ఒక మగవాడు. పేరు రాకీ.

పాశమైలారంలో మా ఆయన నవీన్ పనిచేసే మందుల ఫ్యాక్టరీలోనే వాడూ చేస్తాడు. ఇద్దరికీ ఇంట్లో బీరు కాచే పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున్నే హెల్మెట్ చంకలో పెట్టుకుని బీరంగూడలో మా మూడో అంతస్తు ఎక్కుతాడు. "వదినా, జెర చాయ్" అంటాడు. ఇక సాయంత్రం దాకా నా వంటిల్లు నాది కాదు. అంతకుముందు ఆదివారమైతే బండి మీద సంగారెడ్డి పోయి, మిర్చి బజ్జీలు తిని, ఏమీ కొనకుండా బజారంతా తిరిగి వచ్చేవాళ్ళం. వారమంతా షిఫ్టుల్లో ఉండే మనిషి. నాకు దక్కేది ఆ ఒక్కరోజే.

బీరు కాయడం కష్టం కాదట, చల్లార్చడమే కష్టమట. మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన రసాన్ని గంటసేపు మరిగించి దించాక, అది జల్దీ చల్లారాలి. ఆలస్యమైతే గాలిలోని పురుగు పడి పాడవుతుంది. చల్లారాకే దాన్ని పులియబెట్టే ఈస్టు వెయ్యాలి. పెద్ద కంపెనీల్లో దానికి యంత్రాలుంటాయి. మా ఇంట్లో ఉన్నది నేను బట్టలు నానబెట్టే నీలం టబ్బు. అందులో నీళ్ళు పోసి, రసం ఉన్న దేక్సాను మధ్యలో కూర్చోబెడతారు. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటేనే కాలుతాయి, ఇక దేక్సా ఏం చల్లారుతుంది? అందుకని నా ఫ్రిజ్‌లోంచి చికెన్ తీసేసి నీళ్ళ సీసాలు గడ్డకట్టించారు. చెరో పక్కన కూర్చుని రసం తిప్పుతూ, థర్మామీటరు చూస్తూ, "డెబ్భై... అరవై ఎనిమిది..." అని లెక్కపెడతారు. పోయినేడాది నాకు డెంగీ వస్తే నా జ్వరాన్ని ఒక్కసారైనా అంత శ్రద్ధగా చూడలేదు ఈ మహానుభావుడు.

పైగా ఆ ఈస్టు పొట్లం ఫ్రిజ్‌లో నా పెరుగు గిన్నె పక్కనే ఉంటుంది. రోజూ తలుపు తీసి దాన్ని పలకరిస్తాడు. పెళ్ళప్పుడు జోగిపేటలో మా అమ్మ ఇంటి నుంచి చిన్న గిన్నెలో తెచ్చుకున్న తోడు నాది. నాలుగేళ్ళుగా ఒక్కరోజు తెగకుండా నడుపుకొస్తున్నాను. రెండు పూటలా ఆ పెరుగే తింటాడు. బాగుందని ఒక్కనాడు అనలేదు.

మొదటి రెండుసార్లూ బీరు మురుగు కంపు కొట్టింది. మూడోసారి దేక్సా పొయ్యి మీద పెడుతూ నవీన్ నా ముందే అన్నాడు: "ఈసారి గూడ ఖరాబైతే ఇగ బంద్ రా రాకీ. నాతోని కాదు."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆ రోజు సగం చల్లారేసరికి ఐసు అయిపోయింది. ముత్తంగిలో ఐసుగడ్డ దొరుకుతుందని ఇద్దరూ బండేసుకుని పోయారు. మూత తియ్యొద్దని నాకు హుకుం. కాసేపటికి ఫోను, దారిలో లారీలు ఆగిపోయాయి, లేటవుతుందని. ఇంట్లో నేనూ, ఆ దేక్సా మిగిలాం.

మూత తీశాను. అలవాటు కొద్దీ చిటికెన వేలు ముంచాను. సరిగ్గా పాలు తోడు పెట్టే వేడి. ఫ్రిజ్ తీసి, చెంచాడు పెరుగు తెచ్చి అందులో కలిపేశాను. పాడైపోవాలి, వచ్చే ఆదివారం నేను బండెక్కాలి. అంతే నా కోరిక.

రెండు గంటల తర్వాత వచ్చారు. ఐసు పెట్టి చల్లార్చి, ఈస్టు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించారు. మూడు వారాలు ఆగి రుచి చూశారు. రాకీ ఒక గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు.

"అన్నా! నిమ్మకాయ పిండినట్టుంది. ఏందన్నా గిది!"

నవీన్ కూడా తాగి వాడి భుజం మీద చరిచాడు. "నీ చెయ్యిలనే ఉన్నదిరా మహిమ!"

సొమ్మొకడిది, సోకొకడిది. పెరుగు మా అమ్మది, పేరు వాడిది. చెబితే నేను చేసిన పని బయటపడుతుంది, చెప్పకపోతే కడుపుమంట. కక్కలేక మింగలేక నేను చస్తుంటే, వాడు ఫ్యాక్టరీ అంతటా సీసాలు పంచి గొప్పవాడైపోయాడు.

మళ్ళీ రెండుసార్లు కాచారు. బాగానే వచ్చింది కానీ ఆ పులుపు రాలేదు. నవీన్‌కు అన్నం కూడా సయించడం లేదు. పోయిన ఆదివారం మళ్ళీ టబ్బు దగ్గర కూర్చున్నారు.

"ఆ దినం నువ్వు ఎట్ల తిప్పినవో యాద్ చేస్కో రా" అన్నాడు నవీన్.

"ఎడమ దిక్కు తిప్పిన అన్నా. గదే అయ్యుంటది" అన్నాడు రాకీ, ఎంతో ఆలోచించినట్టు.

ఎడమ దిక్కట! నాకిక ఆగలేదు. వెళ్ళి దేక్సాలో వేలు ముంచాను.

"వదినా, చెయ్యి పెట్టొద్దు!"

"నువ్వు జెర సప్పుడు చెయ్యకు. తిప్పితే రాలే ఆ పులుపు. నేను పెరుగేసిన, మా అమ్మోళ్ళ పెరుగు."

"ఏందీ?" అన్నాడు నవీన్.

"ఖరాబు చేద్దామనే ఏసిన. ఖరాబైతే బంద్ చేస్తనన్నవ్ గదా. వారంల నాకున్నది ఒక్కదినం, అది గూడ ఈ దేక్సాకే ఇస్తున్నవ్. నన్ను బండి మీద కూసోబెట్టుకొని ఎన్నొద్దులైందో యాదున్నదా నీకు?"

రాకీ చేతిలోని గరిటె కింద పెట్టేశాడు. "అన్నా, నేను పోత. ఇయ్యాల వదినను యాడికన్న తోల్కపో" అని, నా మొహం చూడలేక తలొంచుకుని, హెల్మెట్ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

నవీన్ లేచి నా దగ్గరికి వచ్చాడు. తడి చేతులతో నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఈ నాలుగేళ్ళలో నన్ను అంత ప్రేమగా ఎప్పుడూ చూడలేదు.

"మహితా, ఎంత ఏసినవ్? చిన్న చెంచనా, పెద్ద చెంచనా?"