విమానం చిన్నాన్నకు విస్తరి

మా దోనె పడవలో ప్రాణం పోయినవాడు మా ఇంటివాడే. మా కొల్లేటి లంకలో అది కట్టుబాటు. అందుకే నాకో చిన్నాన్న ఉన్నాడు. ఆయనది మా ఊరు కాదు, మా కులం కాదు, పేరేమిటో కూడా మొన్నటిదాకా తెలియదు. అరవై ఏళ్ల కిందట, నేనింకా పుట్టకముందు, విమానం నడపడం నేర్చుకుంటూ ఒంటరిగా వచ్చి మా కొల్లేట్లో కూలిపోయాడు. మా నాన్న అప్పన్న ఆయన్ని దోనెలోకి లాగితే, "అన్నా" అని ఒక్క పిలుపు పిలిచి కన్నుమూశాడట. శవాన్ని మిలిటరీవాళ్లు పట్టుకెళ్లారు. తమ్ముణ్ణి మాత్రం నాన్న ఉంచేసుకున్నాడు.

ఏటా ఆ తిథినాడు గట్టు మీద ఆయనకు విస్తరి వేస్తాం. డప్పులు, పిల్లల కేరింతలు, కొర్రమేను పులుసు. కాకి ముట్టేదాకా ఎవరూ మెతుకు నోట పెట్టకూడదు. తద్దినమంటే ఏడవాలని మాకెవరూ చెప్పలేదు. మా లంకలో పెళ్లికన్నా దానికే సందడెక్కువ.

కిందటేడు ఆ సందడిని మా అమ్మాయి హారిక ఫోన్లో తీసి లోకం మీదికి వదిలింది. ఈ ఏడు తిథి దగ్గర పడుతుండగా తాడేపల్లిగూడెం నుంచి సీతారత్నంగారని ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. కొల్లేట్లో విమానంతో పోయింది తన అన్నయ్య గంగాధరరావేనట. "ఆయనకి అన్నం పెడుతుంటే ఒక్కసారి కళ్లారా చూసి పోతాను బాబూ," అన్నారు. ఇన్నాళ్లకు నాకో మేనత్త దొరికిందని నేను గంతులేస్తుంటే ఆవిడ మెల్లగా ఇంకో మాట కలిపారు. తమది ఇంటావంటా నీసు లేని వంశమట.

నా భార్య సత్యవేణి చేతిలో గరిట జారి కిందపడింది. అంటే ఇన్నేళ్లూ పప్పన్నం తినే మనిషికి చేపల పులుసు పోస్తున్నామన్నమాట. అత్తగారు నేర్పినట్టే వండానని, ఆ పాపం తనకు చుట్టుకుంటుందా అని నన్ను నిలదీసింది. ఈ సంగతి తెలిస్తే ఆ పెద్ద ప్రాణం ఎంత నొచ్చుకుంటుందోనని బెంగ పెట్టుకుంది. చివరికి ఊరంతా ఒట్టేసుకున్నాం, ఆ పూట చేప అన్న మాటే ఎత్తకూడదని. కొల్లేటి నడుమ ఉండి ఎత్తకూడదట. మా తెలివి అంతటిది.

సీతారత్నంగారు రానే వచ్చారు. కాళ్లకు పసుపు రాసి, డప్పులతో గట్టు మీదికి తీసుకొచ్చాం. విస్తరిలో ముద్దపప్పు, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు. కాకులు వచ్చాయి. విస్తరిని చూశాయి, మమ్మల్ని చూశాయి, ఎగిరి తుమ్మచెట్టెక్కి కూర్చున్నాయి. తరతరాలుగా కొర్రమేను మరిగిన కాకులు మరి. బతిమాలాం, చప్పట్లు కొట్టాం, బూరె తుంచి విసిరాం. ఉహూఁ. పిల్లలు ఆకలికి సణుగుతున్నారు. డప్పు కొట్టే వెంకటసాయి చేతులు నొప్పెట్టి ఆపేశాడు.

"అన్నయ్యకి నేను రావడం ఇష్టం లేదేమో," అన్నారు సీతారత్నంగారు. ఆవిడ మొహం చిన్నబోయింది.

ఆ మాట సత్యవేణి తట్టుకోలేకపోయింది. "అయ్యో, అది కాదండీ పిన్నిగారూ. తప్పు మాదండీ. ఆయనకి ఏటా పెట్టేది ఇది కాదండీ. కొర్రమేను పులుసండీ."

ఊరు ఊరంతా తల దించుకుంది. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నారు. నాకు నిజంగా భయమేసింది. కళ్లు తుడుచుకుని అప్పుడు చెప్పారు. ట్రైనింగ్ నుంచి సెలవుకి వచ్చిన అన్నయ్య, భోజనాల దగ్గర, మెస్సులో చేప తిన్నానని నోరు జారాడట. వాళ్ల నాన్న విస్తరి ముందునుంచి లేపి పంపేశారట. వెళ్లిన నెలలోనే విమానం కూలింది. పోయాక కూడా ఆ ఇంట్లో ఆయనకు పిడికెడు మెతుకులు పెట్టనివ్వలేదట.

"ఆకలితో లేచి వెళ్లాడమ్మా," అన్నారు సత్యవేణి చెయ్యి పట్టుకుని. "ఇన్నాళ్లూ అలాగే ఉన్నాడనుకున్నాను."

ఒట్టేసుకున్న ఊరు కదా, పులుసు ఎక్కడ దొరుకుతుందా అని నేను దిక్కులు చూస్తుంటే, ఇంటికో గిన్నె బయటికొచ్చింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సత్యవేణి వడ్డించబోతే సీతారత్నంగారు గరిట అందుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక నీసు ముట్టని మనిషి, కొంగుతో ముక్కు మూసుకుని, మొహం పక్కకు తిప్పి, విస్తరిలో ఒక ముక్క వేశారు.

కాకులన్నీ ఒక్కసారే వాలాయి. డప్పు మోగింది. ఆవిడ ముక్కు మీది కొంగు తీసేసి, ఆ గోలలోనే విస్తరి మీదికి వంగారు.

"ఇంకో ముక్క వేసుకో అన్నయ్యా. నాన్న లేరులే."