పిండిన అట్టముక్కలు

ఆరో రాగి నాణేన్ని గరుకు కాగితంతో రుద్ది, కిటికీ వెలుగులో చూసుకున్నాడు ల్యాబ్ అటెండరు. ముప్పై ఏళ్ళుగా ప్రతి సైన్సు ప్రదర్శనకూ ఇదే రుద్దుడు. వేళ్ళకు చిలుమెక్కింది గానీ నోరు మాత్రం పెగల్లేదు. చేతకాని మనిషి! నాణేలతో బ్యాటరీ పేర్చేది ఇతను, చప్పట్లు సైన్సు మాస్టారికి.

ఈరోజుతో ఉద్యోగం సరి. అతిథుల ముందు ఒక్కసారి చిన్న ఎల్‌ఈడీ బల్బుకు తీగ తనే తగిలించాలని కోరిక. మాస్టారు వారం కిందట “సరేలేవయ్యా” అన్నారు. ఆ ముక్కకే మురిసిపోయి చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చాడు, పిచ్చిమాలోకం.

గుండ్రంగా కత్తిరించిన అట్టముక్కలను వెనిగర్‌లో నానబెట్టి, ఒక్కొక్కటే పిండాడు. నాణెం, అట్ట, జింకు వాషరు, మళ్ళీ నాణెం. దొంతర నిటారుగా లేచింది.

అతిథులను వెంటేసుకుని మాస్టారు వచ్చారు, బొజ్జ ముందూ తాను వెనకా.

“ఇదేంటయ్యా, అట్టలు ఇంత పొడిగా ఏడిశాయి? వెనిగర్ నీ సొమ్మా?”

“పిండాలి సార్. పక్కలకు కారితే కరెంటు దారి తప్పుతుంది, వెలగదు.”

“సీసాలు కడిగి కడిగి సైంటిస్టువైపోయావే! జరుగు.”

మాస్టారు సీసా ఎత్తి దొంతర మీద గుమ్మరించారు. పక్కల వెంట వెనిగర్ ధారగా కారింది. తీగ ఆయనే తగిలించారు. బల్బు వెలగలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు.

“బల్బు మాడినట్టుంది. వీడికి ఏదీ చూసుకుని పెట్టడం రాదు,” అన్నారు మాస్టారు.

“అవును సార్,” అన్నాడు అతను. ఆ మాట వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. అతను దొంతర విప్పి, నాణేలను తువ్వాలు మీద ఆరబెట్టి, అట్టలను మళ్ళీ పిండి, మళ్ళీ పేర్చాడు. తీగ తగిలించాడు. బల్బు ఎర్రగా వెలిగింది.

“నీకేం రోగం లేదే!” అన్నాడు దానితో. కాసేపు చూసి, తువ్వాలు బల్ల పక్కన మేకుకు తగిలించి, తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి వెళ్ళిపోయాడు.

మర్నాడు మాస్టారు తలుపు తీసేసరికి బల్బు ఇంకా మిణుకుమంటోంది. పరుగున వెళ్ళి తోటి టీచర్లను పిలుచుకొచ్చారు.

“చూశారా, నేను పేర్చింది! కాస్త ఆలస్యంగా అందుకుంది, అంతే.”

సిగ్గూ శరమూ ఉంటేగా!

బల్ల పక్కన మేకుకు ఆరి బిర్రబిగిసిన తువ్వాలు వేలాడుతోంది, ఆరు గుండ్రటి పచ్చ మరకలతో.