నడుము పట్టీలో ఇనుము

మా గేటు ముందు మొదటిసారి ఇసుక కనిపించినప్పుడు అది ఒక తట్టెడే. ఎవరో ఇల్లు కట్టుకుంటున్నవారి బండి నుంచి జారిందనుకొని పక్కకు ఊడ్పించాను. మరుసటి వారం అదే చోట రెండు తట్టలు. ఆ పై వారం బండెడు. మా వీధిలో ఎవరూ ఇల్లు కట్టడం లేదు. గుప్పెడు తీసి అరచేతిలో నలిపి చూశాను. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా నా ఉద్యోగ జీవితమంతా ఇసుకను పరీక్షించడంలోనే గడిచింది. అది మా ఊరి వాగు ఇసుక. నల్లగొండలోని నా ఇంటికి అది తనంత తాను నడిచి రాదు.

హాలియా దగ్గరి మా ఊళ్ళో వాగు ఒడ్డున నాకు చిన్న బత్తాయి తోట ఉన్నది. వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున తోట గట్టు మీద నిలబడి నేనొక హత్యను చూశాను. వాగులో ఇసుక తోడుతూ పోతే చెలిమెలు ఎండిపోయి తన గొర్రెలకు నీళ్ళు లేకుండా పోతున్నవని గుర్వయ్య అనే కాపరి ఇసుక టిప్పరుకు అడ్డంగా నిలబడ్డాడు. టిప్పరు నడుపుతున్నది ఇసుక కాంట్రాక్టరు దామోదర్. బండి గుర్వయ్య మీదుగా ముందుకు వెళ్ళింది. తరువాత వెనక్కి వచ్చింది. ముందుకు వెళ్ళినప్పుడు పొరపాటనుకోవచ్చు. వెనక్కి వచ్చినప్పుడు అనుకోలేము.

బండి నడిపింది తానేనని దామోదర్ డ్రైవరు ఒప్పుకున్నాడు. ఒప్పించారు. నా వాంగ్మూలం మీద అరెస్టయిన దామోదర్ జామీను మీద బయటకు వచ్చాడు. కాదు, చక్రం పట్టింది దామోదరేనని చెప్పగల మనిషిని నేనొక్కణ్ణే. దసరా సెలవుల తరువాత నల్లగొండ కోర్టులో నా సాక్ష్యం.

రక్షణకు ఒక కానిస్టేబులును పంపుతామని పోలీసువారు మర్యాదగానే అన్నారు. నేను వద్దన్నాను. ఇంటి ముందు తుపాకి పట్టుకొని ఒక మనిషి కూర్చోవడమంటే నా భయాన్ని బోర్డు రాసి తగిలించుకోవడమే. దానికి బదులు రివాల్వరుకు లైసెన్సు అడిగాను. విచారించి ఇచ్చారు. కాల్చడం నేర్చుకున్నాను. దానిని ఒంటి మీద మోయడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు.

నాకు రెండే నియమాలు. అది ఎవరికీ కనిపించకూడదు. దానితో నేను కూర్చోగలగాలి, లేవగలగాలి. ఈ రెండూ ఒకచోట కుదరవని త్వరలోనే తెలిసింది. తోలు ఒరలో పెట్టి బెల్టుకు కట్టుకుంటే ఆటోలో పిడి డొక్కలో పొడిచేది. చొక్కా కింద కుడివైపు కణితిలా ఉబికేది.

"తుంటి పట్టిందా ఏంది? గట్ల ఒక దిక్కు ఒరిగి నడుస్తున్నరు," అన్నది నా భార్య ఉమారాణి.

జేబులో వేసుకుంటే ప్యాంటు ఒకవైపు కిందికి జారేది. చంక కింద వేలాడే పట్టీలు తెప్పించాను. వాటి మీద కోటు లేనిదే దాగవు. కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను.

"మన నల్లగొండల గీ ఎండకు కోటేసుకునేటోళ్ళు ఇద్దరే. వకీలు, పెండ్లికొడుకు," అన్నది ఆమె. "మీరు ఇద్దర్ల ఎవలని అడిగితే ఏం జెప్తరు?"

పిక్కకు కట్టుకొని చూశాను. బంధువుల ఇంటికి వెళితే గడపలోనే చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడుక్కోమన్నారు. ప్యాంటు పైకి మడవలేక, మడవకుండా ఉండలేక, ఏదో పని గుర్తుకు వచ్చినట్లు అక్కడి నుంచి తిరిగి వచ్చాను. ఆ తరువాత చేతిసంచి. తోటకు వెళుతుండగా బస్సులో పక్కన కూర్చున్న ఒక ముసలావిడ, "జర నేను పట్టుకుంట, నువ్వు సదురుకొని కూసో కొడుకా," అంటూ సంచిని లాక్కొని ఒడిలో పెట్టుకున్నది.

"ఏం బెట్టినవ్ కొడుకా? గింత బరువున్నది."

"పుస్తకాలమ్మా."

"పుస్తకాలా?" అని ఆమె సంచిని నాలుగు దిక్కులా తడిమింది. "గిట్ల గట్టిగుంటయా పుస్తకాలు?"

కనగల్‌లో ఆమె దిగేదాకా నేను సరిగా ఊపిరి పీల్చలేదు. నా ఆయుధం వల్ల నాకు ముప్పు తగ్గలేదు. ఇంకొకరికి ముప్పు మొదలైంది.

చివరకు ఉపాయం ఉమారాణిదే. గొర్రెల సంతకు వెళ్ళేవారు డబ్బు దాచుకోవడానికి లోపల కట్టుకునే గుడ్డ పట్టీ వంటిదానిని ముతక ఖద్దరుతో కుట్టింది. బొడ్డుకు ఎడమగా, పిడి కుడిచేతి వైపు తిరిగి ఉండేటట్లు ఒక అర. మీద వదులు లాల్చీ. కూర్చున్నాను, వంగాను, మెట్లెక్కాను. ఎక్కడా పొడవలేదు, ఎక్కడా ఉబకలేదు. పొరపాటున పేలకుండా రివాల్వరు సుత్తి కింద ఉండే గదిని తూటా లేకుండా ఖాళీగా ఉంచాను. ఆమె నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇగ దేవునిక్కూడ కానరాదు," అన్నది.

నిజమే, కంటికి కనిపించదు. కానీ మేమిద్దరం ఒక సంగతి మరిచిపోయాము.

దసరా నాటి ఉదయం గేటు తీసేసరికి ఇసుక కుప్పగా లేదు. మనిషి పొడవున, మనిషి వెడల్పున, తల వైపు కొంచెం ఎత్తుగా పేర్చి ఉన్నది. ఉమారాణి దానిని చూసి నా చేయి పట్టుకున్నది.

"ఈ యాడాది ఊరికి పోవద్దు. జమ్మి ఈడ గూడ దొరుకుతది."

ఆమె చెప్పినట్లు వినాలని నా శరీరంలోని ప్రతి ఎముకా కోరింది. కానీ జమ్మి చెట్టు దగ్గరకు నేను వెళ్ళని దసరా లేదు. ఈసారి వెళ్ళకపోతే సారు భయపడ్డాడని పొద్దుగూకేలోపల ఊరంతా అనుకుంటుంది. అప్పుడు గుర్వయ్య ఇంటివాళ్ళు కోర్టు మీద ఆశ వదులుకుంటారు. ఈ కారణమే ఆమెకు చెప్పాను. పిరికివాడనిపించుకోవడం నాకు సహించదన్న రెండవ కారణం చెప్పలేదు. ఆమెకు అది తెలుసు.

సాయంత్రం ఊరి పొలిమేరలో జమ్మి చెట్టుకు పూజ ముగిసింది. జనం ఆకు తెంపుకొని బంగారమంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటున్నారు. పెద్దవారి కాళ్ళు మొక్కుతున్నారు. సమవయస్కులు చేతులు చాచి రొమ్ముకు రొమ్ము ఆనించి అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటున్నారు. అక్కడ నిలబడి ఆ దృశ్యాన్ని చూసిన క్షణాన మేము మరిచిపోయిన సంగతి గుర్తుకు వచ్చింది. కళ్ళ నుంచి దాచగలిగాము. కౌగిలి నుంచి ఎలా దాస్తాను? పాండవులు ఆయుధాలను ఈ చెట్టు మీద దాచారంటారు. నేను చెట్టు కిందికి నడుముకు కట్టుకొని వచ్చాను.

ముందుగా ముసలి భిక్షపతి చేతులు చాచి వచ్చాడు. నేను పక్కకు తిరిగి భుజం మాత్రం అందించాను. ఆయన చేతులు గాలిలో ఒక క్షణం ఆగి కిందికి దిగాయి. ఇద్దరు ముగ్గురికి నమస్కారంతో సరిపెట్టాను. అప్పుడు గుర్వయ్య తమ్ముడు పరశురాములు వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో జమ్మి ఆకు. వెనకాల తల్లి ఈదమ్మ.

"జమ్మి తీస్కో సారూ. బంగారం లెక్కుండాలె," అని ఆకు నా చేతిలో పెట్టి రెండు చేతులూ చాచాడు. నేను ఆ రెండు చేతులనూ మణికట్ల దగ్గర పట్టుకొని దూరంగానే నిలబెట్టాను.

అతడు నా చేతుల వైపు చూసి, తరువాత నా ముఖం వైపు చూశాడు. "ఏం సారూ, ఈ యాడాది మా గొర్ల వాసన పడ్తలేదా?"

చుట్టూ ఉన్నవారు నవ్వారు. నేనూ నవ్వాను. అతడు నవ్వలేదు.

ఇంతలో రోడ్డు మీద జీపు ఆగింది. తెల్లని బట్టలు, చేతినిండా జమ్మి రెమ్మలతో దామోదర్ దిగాడు. జనం దారి ఇచ్చారు. "పెద్దసారూ!" అని దూరం నుంచే కేక వేస్తూ వచ్చి, నేను అడుగు వెనక్కి వేసేలోపల రెండు చేతులతో నన్ను చుట్టేసి రొమ్ముకు అదుముకున్నాడు. కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి. అంతలో అతని పొట్టకు ఇనుము తగిలింది. అతడు ఆగాడు. వదలలేదు. నోరు నా చెవి దగ్గరకు తెచ్చాడు.

"గింత భయమా సారూ?" పసివాణ్ణి బుజ్జగించినంత మెత్తగా అడిగాడు. "బొడ్ల వెట్టుకున్నవ్. మంచిదే. గది నువ్వు తీసేవరకు టిప్పర్ రెండుసార్లు పోయొస్తది."

ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి. చేయి రివాల్వరు దాకా కాదు కదా, అంగుళమైనా కదలలేదు. అతడు నన్ను వదిలి, భుజం తట్టి, అందరికీ వినిపించేటట్లు, "సారు మనోడే!" అని నవ్వుకుంటూ జీపు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

ఈదమ్మ ముఖం తిప్పుకున్నది.

"అయిపాయె," అన్నాడు పరశురాములు, నాతో కాదు, తల్లితో. "సారు వానితోని గలిసిండు. మనల్ని చేతులు వట్టి ఆపిండు. వాని రొమ్ముకు రొమ్ము తాకిచ్చిండు. పా అవ్వా, పోదాం. ఇగ కోర్టుకు బస్సు కిరాయి గూడ దండుగ."

వాళ్ళు నడవడం మొదలుపెట్టారు. నా దగ్గర జవాబు ఉన్నది, రెండు మాటల జవాబు. దానిని చెప్పడమంటే భయపడ్డానని చెప్పడమే. కాలువ పనుల మీద ఎందరు కాంట్రాక్టర్లు మనుషులను వెంటేసుకొని వచ్చి నా బల్ల చుట్టూ నిలబడినా నేను కుర్చీ వెనక్కి జరపలేదు. ఆ మాట నా గురించి ఊళ్ళో అందరూ చెప్పుకునేది. జీపు పక్కన దామోదర్ సిగరెట్టు వెలిగించి మమ్మల్నే చూస్తున్నాడు. వాళ్ళు వెళ్ళిపోవాలి, నేను ఒంటరిగా మిగలాలి. అతనికి కావలసినది అదే.

"పరశురాములూ," అని పిలిచాను. అతడు ఆగలేదు. రెండవసారి పిలిచాను. అతడు ఆగాడు. నేనే దగ్గరకు వెళ్ళి, అతని చేయి పట్టుకొని, లాల్చీ మీద నుంచి నా కడుపుకు ఆనించాను.

అతని వేళ్ళు బిగుసుకున్నాయి. "తుపాకా?"

"మెల్లగా. నాకు భయంగా ఉన్నది, పరశురాములూ. చాలా భయంగా ఉన్నది. ఇది తగులుతుందనే నిన్ను దగ్గరకు రానివ్వలేదు."

"వాడు తాకిండా దీన్ని?"

"తాకాడు."

"ఏమన్నడు?"

టిప్పరు మాట చెప్పాను. అతని దవడలు బిగిశాయి. చెయ్యి మాత్రం అక్కడి నుంచి తీయలేదు. ఈదమ్మ తిరిగి వచ్చి కొడుకు నోట ఆ మాట విన్నది.

"భయం మాకు లేదా కొడుకా?" అన్నది. "దొడ్లె గొర్రె దగ్గినా లేసి కూసుంటున్న. భయపడు. ఎవలొద్దన్నరు? భయపడుకుంటనే రా. రాకుంట మాత్రం ఉండకు."

నేను తల ఊపాను.

పరశురాములు ముక్కు తుడుచుకొని నా నడుము వైపు చూశాడు. "జర గా ఇనుమును పక్కకు జరుపు సారూ. పండుగ పూట అలాయ్ బలాయ్ బాకీ ఉంచొద్దు."

పట్టీని నడుము వెనక్కి తిప్పుకున్నాను. అతడు గొంగడితో సహా నన్ను చుట్టుకున్నాడు. ఉన్ని, పాలు, గొర్రెల వాసన. వెనకాల జీపు స్టార్టయిన చప్పుడు వినిపించి నా భుజాలు ఉలిక్కిపడ్డాయి. అతనికి అది తెలిసింది. ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

సాక్ష్యం నాటి ఉదయం గేటు తెరుచుకోలేదు. రాత్రికి రాత్రి ఎవరో టిప్పరెడు ఇసుక దానికి ఆనించి పోశారు. లోపల నేను, అవతల ఇసుక. గడియారం చూసుకుంటూ నిలబడి ఉండగా బయట పార చప్పుడు వినిపించింది. మొదట గేటు నుంచి వెనక్కి తగ్గాను. తరువాత పరశురాములు గొంతు గుర్తుపట్టాను.

"సారూ, మా వాగును మీ ఇంటి ముంగటికే తెచ్చిండ్రు గద! గొర్లను గూడ తోలుకొస్తే అయిపోవు."

గొంగళ్ళు భుజాన వేసుకున్న పది మందికి పైగా మనుషులు ఇసుకను పక్కకు తోస్తున్నారు. కోర్టు గేటు లోపలికి ఆయుధాన్ని రానివ్వరు గనుక రివాల్వరును అలమరలో పెట్టి తాళం వేశాను. దానిని ఎక్కడ కట్టుకోవాలా అని అన్ని నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. చివరకు వెళ్ళవలసిన చోటుకు అది రానే రాదు. వాళ్ళ మధ్య కోర్టుకు నడుస్తున్నంతసేపూ నా చేయి ఖాళీ నడుము మీదికే వెళుతున్నది. వెనక ఏ పెద్ద బండి వచ్చినా వాళ్ళు తిరిగి చూడలేదు. నేను ప్రతిసారీ చూశాను.

లోపల దామోదర్ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే అతని కళ్ళు ముందుగా నా నడుము మీద వాలాయి. అక్కడ ఏమీ లేదని గ్రహించి చిన్నగా నవ్వాడు. వెనక బల్ల మీద ఈదమ్మ చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నది.

ఆనాడు వాహనం నడుపుతున్నది ఎవరని అడిగారు. బోనుకున్న కొయ్య పట్టుకొని, చేయెత్తి చూపించాను.

"ముందుకు వెళ్ళినప్పుడూ ఆయనే. వెనక్కి వచ్చినప్పుడూ..."

బయట రోడ్డు మీద ఏదో టిప్పరు గేరు మార్చిన చప్పుడు వినిపించింది. నా నోటి మాట ఆగిపోయింది. దామోదర్ తల కొంచెం పక్కకు వంచి, నేను కూడా విన్నానా లేదా అన్నట్లు చూశాడు. విన్నాను. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.