ఉమ్మడి పెట్టెలో పడ్డ సెలవు దరఖాస్తు

పంపుల మరమ్మతు గురించిన పన్నెండు మెయిళ్లకు వరుసగా ‘సాధారణం’ అని లేబుల్ పెట్టిన గుమాస్తా చిట్టి చెయ్యి, పదమూడో దానికీ అదే పెట్టేసింది. ఆ పదమూడోది ఆఫీసు పెద్దాయన సెలవు దరఖాస్తు. గుండెకు ఆపరేషను, నెలన్నర సెలవు, జతగా డాక్టరు కాగితం.

ఆ నీటి సరఫరా ఆఫీసు నుంచి వెళ్లే ప్రతి మెయిలు నకలూ ఉమ్మడి పెట్టెలో పడుతుంది. ‘రహస్యం’ అని లేబుల్ పెడితే దానికి తాళం పడుతుంది. పై ఆఫీసు వాళ్లు తప్ప ఎవరూ తెరవలేరు. ‘సాధారణం’ అయితే అందరూ చదవచ్చు. “మనవాళ్లకి తెలియకూడదమ్మా. జాలి చూపులు నేను పడలేను,” అని పెద్దాయన ఆ మెయిలు పంపే పని చిట్టి ఒక్కదానికే అప్పజెప్పాడు. చేరిన రోజు నుంచి ఆమెకు పని నేర్పింది ఆయనే.

అరగంట తర్వాత చూసుకునేసరికి చిట్టికి పైప్రాణాలు పైనే పోయాయి. గబగబా లేబుల్ మార్చింది. కానీ మెయిలు పక్కన ‘చదివినవారు: తొమ్మిది మంది’ అని ఉంది. తనూ పెద్దాయనా పోగా ఆఫీసులో ఉన్నదే తొమ్మిది మంది.

స్టోర్ కీపరు దగ్గరికి పరిగెత్తింది. “బాబాయ్, ఉమ్మడి పెట్టెలో ఒక మెయిలు...”

“ఏ మెయిలు? కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చానే,” అన్నాడాయన, ముక్కు మీది కళ్లజోడు సర్దుకుంటూ.

పక్క బల్ల దగ్గరి అక్క తల తిప్పేసుకుంది. “మెయిళ్లు చదివే తీరిక ఎవరికుందే తల్లీ? పో, పని చూసుకో.” ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నోరు మూసుకుంటే గడిచిపోయేదే. చిట్టి మూసుకోలేకపోయింది. పెద్దాయన గదిలోకి వెళ్లి నిలబడింది.

“తప్పు చేశాను సార్. లేబుల్ ‘సాధారణం’ అని పెట్టాను. అందరూ చదివేశారు.”

“తెలుసు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? నేనడగ్గానే మీ స్టోర్ బాబాయ్ పైపులు ఇచ్చేశాడు. పంతొమ్మిదేళ్లలో ఎప్పుడైనా ఇచ్చాడా?”

చిట్టికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. “ఇంకెప్పుడూ నాకు ఏదీ చెప్పరు కదా మీరు?”

పెద్దాయన బల్ల మీది ఆసుపత్రి ఫారం ఆమె వైపు జరిపాడు. అత్యవసరమైతే ఫోను చేయవలసిన వారి జాబితాలో, ఆయన భార్య నంబరు కింద చిట్టి నంబరు ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

“పైపులు వచ్చాకే రాశాను,” అన్నాడు. “ఇక ఏడుపు ఆపి ఒక పని చెయ్యి. శుక్రవారం ఆసుపత్రికి వెళ్లేదాకా నాతో మామూలుగానే పోట్లాడమని వాళ్లకి చెప్పు. ఈ మర్యాదలకే నా ప్రాణం పోయేట్టుంది.”

చిట్టి వెళ్లి చెప్పింది. స్టోర్ కీపరు చొక్కా సర్దుకుని, ఆ గది తలుపు ధడాలున తోసుకుని వెళ్లాడు.

“సంతకం లేకుండా పైపులెలా తీసుకుంటారండీ? ఇదేమన్నా మీ సొంత...” తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పెద్దాయన కుర్చీ చూపించాడు.

“కూర్చుని అరవవయ్యా,” అన్నాడు.